కల్వర్టు దాకా వచ్చి

తారాచంద్, సిరీష మొదటిసారి మాట్లాడుకున్నప్పుడు అతను ఆమె వడ్ల మీద బోర్లా పడి ఉన్నాడు.

నిరుడు నవంబర్, తెల్లవారుజాము. మంచు ఇంకా విడలేదు. బాన్సువాడ నుంచి నిజాంసాగర్ వెళ్ళే రోడ్డు మీద, కాలువ మలుపులో, సగం రోడ్డు మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. బళ్ళు ఎక్కకుండా అంచు పొడవునా రాళ్ళు పేర్చారు. కోతల రోజుల్లో ఆ వైపు రోడ్లన్నీ అంతే, సగం బళ్ళకి, సగం వడ్లకి. పరుగెత్తుకుంటూ వచ్చిన తారాచంద్‌కి మంచులో రాయి కనిపించలేదు.

"అయ్యో అయ్యో, లేవండి! సన్న వడ్లండీ అవి!" అంటూ ఒకావిడ చేతిలోని టార్పాలిన్ పట్టా వదిలేసి వచ్చింది.

"లేస్తనే ఉన్న మేడం. కాలే లేస్తలేదు."

"చీకట్లో రోడ్డు మీద పరుగులేంటండీ?"

"చీకట్ల రోడ్డు మీద వడ్లేంది మేడం?"

అప్పుడు ఆవిడ అతని పాదం చూసింది. అది ఉండాల్సిన వైపు లేదు. ఇంకో మాట మాట్లాడకుండా నాన్నని కేకేసి, అతన్ని ట్రాక్టర్ ట్రాలీలో బస్తాల మీద పడుకోబెట్టి దవాఖానకు తీసుకెళ్ళింది. దారి పొడవునా "రాయి మాదేనండీ" అంటూనే ఉంది.

"ఉండనియ్యండి మేడం. రాయి మీదైతే కాలు నాది. సగం సగం" అన్నాడు అతను, పళ్ళు బిగబట్టి. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

తారాచంద్‌ది పిట్లం వైపు తండా. ఆర్టీసీలో డ్రైవరు. వయసులో జిల్లా తరఫున పరుగెత్తినవాడు. ఇంట్లో పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా "ప్రాక్టీసుంది" అని తప్పించుకుని, ప్రాక్టీసు చేసీ చేసీ నలభై ఏడుకి వచ్చాడు. సిరీషది కాలువ కింద క్యాంపు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబం. పెళ్ళి పొసగక ఎప్పుడో పుట్టింటికి వచ్చేసి, నాన్న జగన్మోహనరావుతో కలిసి వ్యవసాయం చూసుకుంటోంది. ఆమెకూ నలభై దాటాయి. ఇద్దరికీ ప్రేమలో పడే వయసు దాటిపోయిందని చుట్టుపక్కల అందరూ నమ్మారు. వాళ్ళిద్దరూ కూడా నమ్మారు, అదే అసలు చిక్కు.

చీలమండకి ప్లేటు వేశారు. కాలు విరిగితే మేక కాళ్ళ పులుసే మందని సిరీష క్యారేజీ కట్టుకుని దవాఖానకి వచ్చేది. పులుసు అయిపోయినా కబుర్లు అయిపోయేవి కావు. వానాకాలానికి అతను మళ్ళీ స్టీరింగ్ పట్టాడు. నిజాంసాగర్ బస్సు మలుపులోకి రాగానే హారన్ రెండుసార్లు మోగేది. పొలంలో ఎక్కడున్నా సిరీష చెయ్యెత్తేది. అంతకుమించి ఇద్దరూ ఒక్క మాట పైకి అనలేదు.

మళ్ళీ చలికాలం వచ్చింది. నవంబర్ చివరి ఆదివారం యూత్ వాళ్ళు రోడ్డు పరుగు పెడతారు. టౌన్ నుంచి కాలువ వంతెన దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి, మొత్తం పది కిలోమీటర్లు. తారాచంద్ పేరిచ్చాడు. డాక్టరు కూడా "ఇక పరుగెత్తొచ్చు" అన్నాడు.

కాలు బాగానే ఉంది. బాగాలేనిది ఇంకోటి ఉంది.

మలుపుకి కాస్త ముందు ఒక చిన్న కల్వర్టు. రోజూ పొద్దున్నే అక్కడి దాకా హాయిగా వచ్చేవాడు. కల్వర్టు ఎక్కగానే రాళ్ళ వరుస కనిపించేది. చలిలోనూ చెమటలు పట్టేవి. ఎముక విరిగినప్పటి చప్పుడు మళ్ళీ చెవిలో వినిపించేది. ఎంత తిట్టుకున్నా కాళ్ళు ముందుకు పడేవి కావు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవాడు.

మలుపులో వడ్లు కలబెడుతున్న సిరీషకి మాత్రం ఒకటే కనిపించేది. ఒక మనిషి కల్వర్టు దాకా వచ్చి, తనను చూసి, వెనక్కి తిరిగి పోతున్నాడు.

పరుగుకి ఇంకో రెండు రోజులుందనగా ఆమె మలుపులో బస్సుకి చెయ్యెత్తింది. ఈసారి పలకరింపుకి కాదు, ఆపమని.

"ఈడ స్టాప్ లేదక్కా" అంది కండక్టర్ జమునాబాయి. డ్రైవర్ అప్పటికే బ్రేకు వేసేశాడు. జమున నవ్వు ఆపుకుని, "ఆడోళ్ళకు ఫ్రీయే, జీరో టికెట్ కొడ్త. ఎక్కడిదాక?" అంది.

"డ్రైవర్ గారి దాకా."

'డ్రైవర్‌తో మాట్లాడరాదు' అన్న బోర్డు కిందే నిలబడి సిరీష మాట్లాడింది.

"బస్సులో రోజూ వస్తారు. కాళ్ళ మీద మాత్రం రారు. ఎందుకని?"

తారాచంద్ రోడ్డు వైపే చూస్తూ, "ప్రాక్టీస్ ప్లానే గంత మేడం" అన్నాడు.

"ఆ ప్లాన్‌లో మా మలుపు లేదన్నమాట."

అతను గేరు మార్చాడు. మార్చాల్సిన అవసరం లేదు.

"మా నాన్న అడుగుతున్నాడు, ఆ డ్రైవర్ హారన్ ఎందుకు కొడతాడని. వాళ్ళు వేరు, మనం వేరు అంటున్నాడు. నేనేం చెప్పను?"

చెప్పాల్సిన మాట అతని గొంతులోనే ఉంది. కానీ దాని ముందు ఇంకో మాట అడ్డం పడింది. రాయిని చూసి భయపడే మగాడు ఈమెను ఏ మొహం పెట్టుకుని అడగాలి?

"సరే. ఇక కొట్టకండి" అంది సిరీష. కొంగు కళ్ళకి ఒత్తుకుంది. "ఆదివారం మీ దారికి మేం అడ్డం ఉండంలెండి. ఆపండి, దిగుతాను."

ఆమె దిగిపోయాక జమున ముందుకొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "బుగులైతుందని నాకు చెప్పినట్టే ఒక్క మాట చెప్తే ఏం పోయిందన్నా?"

"యాభై మందిని కూసోబెట్టుకొని బస్సు నడిపేటోన్ని. రాయికి బుగులు పడ్తున్న అంటే నగదా?"

"నగనియ్యి. గిప్పుడు ఏడ్సుకుంట పోయింది, గది మంచిగున్నదా?"

మర్నాడు బస్సు మలుపులోంచి చప్పుడు లేకుండా వెళ్ళింది. ప్రయాణికులెవరూ గమనించలేదు. పొలంలో ఒకామె గమనించింది.

ఆదివారం మంచు దట్టంగా దిగింది. టౌన్‌లో ఈల ఊదారు. కుర్రాళ్ళు బాణాల్లా వెళ్ళిపోయారు. తారాచంద్ తన లెక్కలో తను పరుగెత్తాడు. మనసులో ఒక ఉపాయం వేసుకున్నాడు. కల్వర్టు దగ్గర కిందికి చూడకూడదు. రాళ్ళను చూడకూడదు. ఆమె చలికి కప్పుకునే ఎర్ర శాలువాను చూస్తూ దాటెయ్యాలి. అంతే.

కల్వర్టు వచ్చింది. అతను తలెత్తి చూశాడు.

మలుపులో శాలువా లేదు. వడ్లు లేవు. పట్టాలు లేవు. రాళ్ళు ఒక్కటంటే ఒక్కటి లేవు. రోడ్డంతా ఊడ్చినట్టు నల్లగా, ఖాళీగా ఉంది.

కాళ్ళు టక్కున ఆగిపోయాయి.

"ఏందంకుల్, అయిపోయిందా?" అంటూ ఒక కుర్రాడు పక్కనుంచి దూసుకుపోయాడు.

ఇన్ని రోజులూ రాళ్ళు లేకపోతే చాలనుకున్నాడు. ఇప్పుడు రాళ్ళు లేవు. ఆమే లేదు. అన్న మాట ప్రకారం అడ్డు తీసేసి వెళ్ళిపోయింది. తారాచంద్‌కి అంతవరకూ ఎన్నడూ ఎరగని భయం వేసింది. ఆ రోజు ట్రాలీలో కాలు వేలాడుతున్నప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. వెనక్కి తిరిగితే టౌను, రోజూ తిరిగినట్టే. అతను తిరగలేదు. ఒక్కో అడుగూ వేసుకుంటూ, పడిన చోటు దాకా నడిచాడు. అక్కడ తారు అంచున చీపురుకు అందని నాలుగు గింజలు మిగిలి ఉన్నాయి.

"సిరీషా!" అని అరిచాడు. మేడం అనడం కూడా మరిచిపోయాడు.

మంచులో ఏదో కదిలింది. పొలం గట్టు మీద ఆపిన ట్రాక్టర్ వెనక నుంచి ఎర్ర శాలువా బయటికొచ్చింది. ఆమె చేతుల నిండా దుమ్ము, జుట్టు నిండా వడ్ల పొట్టు.

"ఆగారేంటి? ఒక్క రాయి కూడా ఉంచలేదుగా! తెల్లారక ముందు నుంచీ నాన్నా నేనూ మోస్తూనే ఉన్నాం."

"మరి మీరేడికి పోయిన్రు?"

"నన్ను చూస్తే వెనక్కి వెళ్ళిపోతారుగా. అందుకే దాక్కున్నా."

తారాచంద్ రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "మిమ్మల్ని చూసి కాదు వాపస్ పోయింది. రాయిని చూసి. రోజూ బుగులైతుండె. కల్వర్టు కాడికి రాంగనే కాళ్ళు ఆగిపోతుండె."

"మరి బస్సులో భయం వెయ్యదా?"

"బస్సుల నా కింద ఆరు టైర్లుంటయ్."

సిరీష ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఈ ముక్క ఆ రోజే చెప్తే ఏం పోయేది?"

"మీకు చెప్పుడంటే ఇంక బుగులు. గిప్పుడు రాళ్ళు లెవ్వు, మీరూ లేకుండ పోయిన్రు. గప్పుడు సమజైంది."

"ఏం సమజైంది?"

"హారన్ ఎందుకు కొడ్తున్ననో మీ నాయినకు ఏం చెప్పాల్నో." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "నన్ను పెండ్లి చేసుకుంటరా?"

"పరుగు మధ్యలోనా?"

"మధ్యలనే. వంతెన దాక పోయొస్త. వాపస్ వచ్చేసరికి జవాబు చెప్పుండ్రి."

అని, ఆమె మొహం చూసే ధైర్యం చాలక పరుగందుకున్నాడు.

వంతెన దాకా దారి ఎన్నడూ అంత పొడవు లేదు. చీలమండ సలపడం మొదలైంది. ఎదురుగా కుర్రాళ్ళు తిరిగొస్తున్నారు, గుంపులుగా, తర్వాత ఒక్కొక్కరుగా. ఆమె కాదంటుందా? ఆమె అవునన్నా వాళ్ళ నాన్న? వేరు అన్న మనిషి ఒక్క పూటలో మారతాడా? వంతెన మీద ఎవరో నీళ్ళిస్తే తాగాడో, తల మీద పోసుకున్నాడో అతనికే తెలియదు. తిరుగు దారిలో అందరికంటే వెనక అతనొక్కడే మిగిలాడు.

మంచు విడి ఎండ వచ్చింది. దూరంగా మలుపు కనిపించింది. రోడ్డు మీద మళ్ళీ వడ్లు. మళ్ళీ రాళ్ళ వరుస. జగన్మోహనరావు పంచె ఎగ్గట్టి వంగి రాళ్ళు పేరుస్తున్నాడు.

"నాన్నా, ఒకాయన ఇంకా రావాలని చెప్పానా లేదా!" సిరీష అరుస్తోంది.

"నీ డ్రైవరేగా!" పెద్దాయన నడుం మీద చెయ్యేసుకుని లేచాడు. "వడ్లు ఆరొద్దా? వేరంటే నువ్వు వినవు. ఇక మనింటికి అల్లుడుగా వచ్చేవాడు రాళ్ళకి భయపడితే ఎట్లాగమ్మా? ఇప్పట్నుంచే అలవాటు చేసుకోమను."

తారాచంద్ విన్నది నిజమో కాదో తేల్చుకునేలోగా కాళ్ళు మలుపులోకి వచ్చేశాయి. రాళ్ళ వరుసలో ఒక్కచోట ఖాళీ ఉంది. అతను పడిన చోటు. అక్కడ రాయికి బదులు ఎర్ర శాలువా కప్పుకుని సిరీష నిలబడి ఉంది.

"ఇక్కడ రాయి పెట్టనివ్వలేదు" అంది ఆమె. "ఇక మీదట మీరు వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఇక్కడ నేనే ఉంటాను. జవాబు చాలా?"

"ఉంటే వచ్చి మీ మీద పడ్త మేడం!"

"పడండి. ఈసారి అరవనులెండి. ముందు ఆగకుండా పరుగెత్తండి!"

అతను ఆగలేదు. వెనక నుంచి ఆమె నవ్వు, పెద్దాయన సణుగుడు, బస్సు హారన్ వినిపించాయి. హారన్ రెండుసార్లు మోగింది. ఆ పూట వేరే డ్రైవరు. కిటికీలోంచి జమునాబాయి తల బయటపెట్టి ఈల వేస్తోంది. తారాచంద్ ఒంటరిగా నవ్వుకుంటూ, ఆయాసపడుతూ పరుగెత్తాడు.

టౌను ఇళ్ళు కనిపించాక గానీ, ఆ రాళ్ళ పక్క నుంచే వచ్చానని అతనికి గుర్తుకు రాలేదు.