చెరి సగం అరుగు

"వాటి మీద చెయ్యి వెయ్యొద్దు."

లారీలోంచి దించిన దేవదారు చెక్కల్లో ఒకదాన్ని భుజానికెత్తుకోబోతున్న అతను ఆగి, వెనక్కి తిరిగాడు. తలకు తడి తువ్వాలు చుట్టుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, నడుం మీద చేతులేసుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. వడ్రంగి షాపు యజమాని కూతురని అతనికి తెలుసు. పనివాళ్ళంతా ఆమెను చిన్న మేస్త్రి అంటారనీ తెలుసు. ఇంత కోపంగా ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంత బాగుంటుందనీ చెప్పలేదు, అది వేరే సంగతి.

"చెయ్యి వెయ్యకుండా అరుగు ఎలా వెయ్యాలండీ?" అన్నాడు.

"ముందు ఆరనియ్యాలి. నీడలో పేర్చి, మధ్యలో పుల్లలు పెట్టి, గాలి ఆడనియ్యాలి. నేను చెప్పాక మొదలుపెట్టాలి."

"మీరెప్పుడు చెప్తారు?"

"అవి చెప్పాక చెప్తాను."

చెక్కలు మాట్లాడే ఊరికి వచ్చి పడ్డానన్నమాట అనుకుని అతను నవ్వాడు. ఆ నవ్వుకి ఆమెకు ఒళ్ళు మండింది.

అతను వచ్చింది సముద్రపు ఒడ్డు నుంచి. అక్కడ వాన మొదలైతే నెలల తరబడి వదలదు. ఆ నీళ్ళ పక్కన అతను వేసిన చెక్క అరుగుల గురించి నలుగురూ గొప్పగా చెప్పుకుంటారు. ఆ పేరు విని ఆమె తండ్రి పెద్ద మేస్త్రి కబురు పెట్టి మరీ పిలిపించుకున్నాడు. షాపులో వాళ్ళు మొదటి పూటే అతనికి 'సముద్రం' అని పేరు పెట్టేశారు. అంత పేరున్నవాణ్ణి ఒక అమ్మాయి చెక్క ముట్టుకోవద్దనడం అతనికి కాస్త గుచ్చుకుంది.

ఇక ఆమె సంగతి. మోకాళ్ళు అరిగి పెద్ద మేస్త్రి షాపు గుమ్మం దాటలేకపోతున్నప్పటి నుంచీ బయటి పనులన్నీ ఆమే చూస్తోంది. కొలతలు ఆమెవి, కోతలు ఆమెవి, పేరు తండ్రిది. దానికి ఆమె ఏనాడూ బాధపడలేదు. ఆమెను కాల్చే మాట మాత్రం తండ్రి నోట ఒకటుంది. మంచి పనివాడు అల్లుడుగా వస్తే షాపు అతని చేతిలో పెట్టి నిశ్చింతగా కూర్చుంటానని షాపుకొచ్చిన ప్రతివాడితోనూ అంటాడాయన. కూతురు రంపం పట్టుకుని పక్కనే నిలబడి ఉండగా అంటాడు.

ఆమెకు ఆ షాపు కావాలి. అల్లుడి ద్వారా కాదు, నేరుగా తన చేతికే కావాలి.

అరుగు వేయాల్సింది ఒక బామ్మగారి ఇంటి వెనక. ఆ ఊరి ఎండ మామూలు ఎండ కాదు. పెరడంతా ఇసుక, మధ్యలో నాలుగు రాతి పలకలు. పొద్దు వాలినా ఆ పలకలు కాలుతూనే ఉంటాయి. ఇనుప కుర్చీ వేస్తే దాన్ని ముట్టుకోవడానికి గుడ్డ కావాలి. బామ్మగారికి చేతికర్ర లేనిదే అడుగు పడదు, ఆ కర్రేమో ఇసుకలో దిగబడిపోతుంది. అందుకని ఆవిడ సొంత పెరటిని కొన్నేళ్ళుగా కిటికీలోంచే చూస్తోంది. దేవదారు వేడిని అంతగా పట్టుకోదనీ, దాని మీద వట్టి కాళ్ళతో నడవొచ్చనీ చిన్న మేస్త్రి చెప్పాక ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

బామ్మగారి ముందే ఇద్దరూ వాదులాడుకున్నారు. లారీ దిగగానే బిగించెయ్యాలనీ, చెక్కకీ చెక్కకీ మధ్య పెన్సిలంత సందు వదిలితే చాలనీ అతని వాదన. తడి చెక్కని ఇక్కడి ఎండలో బిగిస్తే కుంచించుకుపోతుందనీ, ఆరబెట్టి గోరు మందం సందుతో వెయ్యాలనీ ఆమె వాదన. వింటున్న బామ్మగారికి విసుగొచ్చింది.

"చెరి సగం వెయ్యండి. ఈ వయసులో చెక్కలు ఆరేదాకా కూర్చుంటే నేనే ఆరిపోతాను," అని తేల్చేసింది.

అతని సగం ఆ వారంలోనే లేచింది. చక్కగా లేచింది కూడా, ఎవరికైనా ఒప్పుకోక తప్పదు. ఎర్రటి చెక్కలు, వాటి మధ్య పెన్సిలు పట్టి కొలిచిన సందులు, పెరడంతా కమ్మటి వాసన. బామ్మగారు సాయంత్రానికల్లా దాని మీద కుర్చీ వేయించుకుని, వచ్చినవాళ్ళందరికీ సముద్రాన్ని చూపించి మెచ్చుకుంది. ఆమె సగం చోట మాత్రం ఇసుక ఉంది, గోడ నీడన చెక్కల గుట్ట ఉంది. ఇక్కడ కలప అడితి పెడుతున్నారా అని పక్కింటాయన అడిగాడు. చిన్న మేస్త్రి విననట్టు సముద్రం వైపు తిరిగింది.

"మీ పని అయిపోయిందిగా," అంది అతనితో. "రేపట్నుంచి పొద్దున్నే వచ్చి ఈ చెక్కలు తిరగెయ్యండి."

"నేనా?"

"జీతం తీసుకుంటున్నది మీరేగా."

అలా మొదలైంది. ఎండ ఎక్కకముందే ఇద్దరూ ఆ గుట్ట దగ్గర చేరేవారు. చెరొక చివర పట్టుకుని ఒక్కో చెక్కనీ బోర్లా తిప్పి, చివర్లు పగలకుండా మైనం పూసేవారు. మొదట్లో 'పట్టుకోండి', 'వదలండి' తప్ప మాటల్లేవు. తర్వాత అతను తన ఊరి తలుపుల గురించి చెప్పాడు. వానాకాలం వస్తే తలుపులు ఉబ్బి గడియ పడదట, దొంగ వచ్చినా తోసి తోసి అలిసిపోయి వెళ్ళిపోతాడట. ఆమె నవ్వాపుకోలేకపోయింది. మా ఊళ్ళో తలుపులు ఎండి ఎండి సందుల్లోంచి పక్కింటి గొడవలన్నీ వినిపిస్తాయని చెప్పింది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమెకే తెలియదు. అతను మాత్రం 'మేస్త్రి గారూ' అనే పిలిచేవాడు, సగం వేళాకోళంగా, సగం నిజంగా.

ఒక సాయంత్రం ఆ ఊళ్ళో వాన పడింది. వీధిలో అందరూ ఇళ్ళలోంచి బయటికి పరిగెత్తారు, తడవడానికి. ఒక్క సముద్రం మాత్రం టార్పాలిన్ పట్టుకుని చెక్కల దగ్గరికి పరిగెత్తాడు. కప్పి, తాళ్ళు లాగి, రాళ్ళు పెట్టి, ఆఖరి ముడి వేసి తలెత్తేసరికి వాన వెళ్ళిపోయింది. నేల కూడా సరిగ్గా తడవలేదు. చిన్న మేస్త్రి గోడకి ఆనుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. ముక్కు మీద ఒకే ఒక్క చినుకు నిలిచి ఉంది.

"ఈ వానకా ఇంత హడావిడి?" అంది.

అతను ఆ చినుకునే చూస్తూ ఉండిపోయాడు. ఇక ఆ ఊరు వదిలి తాను వెళ్ళలేడని అతనికి అప్పుడే తెలిసిపోయింది.

చెక్కలు ఆరాయి. ఒకదాన్ని ఎత్తి, పిడికిలితో తట్టి, ఆ చప్పుడు విని ఆమె సరేనంది. తన సగం తానే వేసింది. అతను సాయం వస్తానంటే అక్కర్లేదంది. ఆఖరి మరమేకు బిగించి ఆమె నడుం నిటారు చేస్తుండగా అతను మంచినీళ్ళు అందించి, మనసులో మాట చెప్పేశాడు. వంకర్లు తిప్పకుండా, పెళ్ళి చేసుకుందామన్నాడు.

ఆమె నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"నువ్వంటే ఇష్టం లేదని చెప్తే అబద్ధం. కానీ నిన్ను చేసుకున్న రోజే మా నాన్న షాపు నీ చేతిలో పెడతాడు. ఇన్నేళ్ళు నేను చేసిన పనంతా అల్లుడి కట్నం అయిపోతుంది. అది నేను చూడలేను."

"నాకు మీ షాపు అక్కర్లేదు. ఇల్లరికం కోసం కాచుక్కూచునే రకంలా కనిపిస్తున్నానా?"

"నీకు అక్కర్లేకపోయినా ఇస్తాడు. ఆయన సంగతి నీకు తెలీదు."

అతనికి పౌరుషం వచ్చింది. ఆమెకెప్పుడూ ఉన్నదే. ఆ పూట నుంచి ఇద్దరి మధ్యా మళ్ళీ పొడి మాటలే మిగిలాయి.

అసలు ఎండలు అప్పుడు వచ్చాయి. గాలి కూడా సెగలు కక్కింది. అతని సగంలో చెక్కలు నెమ్మదిగా కుంచించుకుపోయాయి. పెన్సిలు పట్టే సందులో వేలు పట్టసాగింది. అంచులు పైకి లేచాయి. ఆమె సగం మాత్రం వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. అతను అది అందరికంటే ముందే చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో సందులో వేలు పెట్టి చూశాడు. ఇంత పని తెలిసిన తాను ఒక ఊరి ఎండని అడగకుండా చెయ్యి వేశానని అతనికి సిగ్గేసింది.

తన సగం ఊడదీస్తానని చెబుదామనుకుంటుండగానే పెద్ద మేస్త్రి పని చూడ్డానికి వస్తున్నానని కబురు చేశాడు. కారులో వచ్చి, ఇద్దరు పనివాళ్ళ భుజాలు పట్టుకుని పెరట్లోకి దిగాడు. బామ్మగారు ఆయనకు ఎదురు వస్తూ ఆమె సగం మీద హాయిగా నడిచింది. రెండో సగంలో అడుగు పెట్టగానే కర్ర మొన సందులోకి దిగి ఇరుక్కుంది. ఆవిడ తూలింది. సముద్రం ఒక్క అంగలో వెళ్ళి పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

పెద్ద మేస్త్రి మొహం ముడుచుకుంది. ఏ సగం ఎవరిదో తెలియక, పాడైంది కూతురి పనే అనుకుని ఆమె వైపు చూశాడు.

"నా పరువు తీశావు కదమ్మా," అన్నాడు నెమ్మదిగా. అరిచి ఉంటే బాగుండేది.

తర్వాత బామ్మగారు హాయిగా నడిచిన సగం వైపు తిరిగాడు. చెక్కల వరస చివరి నుంచి చివరిదాకా కళ్ళతో కొలిచాడు. ఆయన మొహం విప్పారింది. ఇలాంటి పని చూసి ఎన్నాళ్ళైందో అన్నాడు. ఇంత దూరం నుంచి పిలిపించుకున్నందుకు తన నమ్మకం వమ్ము కాలేదన్నాడు. సముద్రం భుజం మీద చెయ్యి వేసి, ఇలాంటి చేతికోసమే ఇన్నాళ్ళూ చూస్తున్నాననీ, షాపూ అమ్మాయీ రెండూ అతనికే ఇస్తాననీ అందరి ముందూ చెప్పేశాడు.

బామ్మగారు నోరు తెరవబోయింది. చిన్న మేస్త్రి ఆవిడ చెయ్యి నొక్కి ఆపింది. తాను నోరు విప్పితే తండ్రిని బతిమాలినట్టవుతుంది, అది ఆమె వల్ల కాదు. అతనేమంటాడో వినాలని కూడా ఉంది. ఊరుకుంటే చాలు, అతనికి అన్నీ వచ్చేస్తాయి.

అతను పెద్ద మేస్త్రి చేతిని భుజం మీంచి మెల్లగా తీశాడు.

"మీరు మెచ్చుకున్న సగం మీ అమ్మాయిదండీ. కర్ర దిగింది నా సగంలో. ముందే చెప్పింది, నేను వినలేదు. నాకు పొగరెక్కువ. కానీ ఇంకొకరి పనిని నాదని చెప్పుకునేంత చచ్చు పొగరు కాదు."

పెద్ద మేస్త్రి అరిగిన మోకాళ్ళతోనే మెల్లగా కిందికి వంగాడు, ఎవరినీ పట్టుకోనివ్వలేదు. కూతురు వేసిన చెక్కల మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. సందు వెంట గోరు జరిపాడు. అది ఎక్కడా ఆగలేదు. తలెత్తేసరికి ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"నేను వీధి వైపు చూస్తూ కూర్చున్నాను తల్లీ, ఎవరో వస్తారని," అన్నాడు. "మేస్త్రి ఇంట్లోనే ఉంది. షాపు నీది. అల్లుడు వచ్చినా, రాకపోయినా నీదే."

ఆమె ఇన్నేళ్ళూ వినాలనుకున్న మాట అదే. తండ్రి పక్కన కూర్చుని ఆయన భుజం మీద తల పెట్టుకుంది. ఆ క్షణాన ఆమెకు తన మీద తనకే ఎంతో గర్వంగా అనిపించింది. అంతకంటే కాస్త ఎక్కువగా, నిజం చెప్పి తలెత్తుకుని నిలబడ్డ ఆ మనిషి మీద అనిపించింది.

మర్నాడు పొద్దున ఆమె వెళ్ళేసరికి అతను తన సగం ఊడదీస్తున్నాడు. ఆమె రెండో చివర పట్టుకుంది.

"నాకొక మంచి పనివాడు కావాలి," అంది. "తప్పు చేస్తే ఒప్పుకునేవాడు."

"జీతమెంత ఇస్తారు?"

"మా నాన్న ఇచ్చేదే. బేరాల్లేవు."

"సరే. ఇంకా?"

ఆమె చెక్క కింద పెట్టింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించని సిగ్గు ఆమె మొహం మీదికి వచ్చేసింది.

"ఇంకా, మొన్న నువ్వడిగిన మాట ఉంది చూడు. ఇప్పుడు అడిగితే ఒప్పుకుంటాను. నువ్వంటే నాకు చాలా ఇష్టం. నువ్వు అడగకపోతే నేనే అడుగుతాను, నాకేం భయం లేదు."

అతను అడగలేదు. ఆమె చేతే అడిగించుకున్నాడు. ఆ తర్వాత, బామ్మగారు కిటికీలోంచి చూస్తోందని తెలిసి కూడా ఆమె చెయ్యి వదల్లేదు.

పెళ్ళయ్యాక వాళ్ళు మొదటగా ఒప్పుకున్న పని ఊరి చివర ఒక పెద్ద ఇంట్లో. వాళ్ళు కారు దిగగానే ఆ ఇంటాయన గబగబా ఎదురొచ్చి, ఆమెను దాటుకుని అతని దగ్గరికి వెళ్ళాడు. "మేస్త్రి గారు మీరేనా?" అంటూ చెయ్యి చాపాడు.

"కాదండీ," అన్నాడు అతను, ఛాతీ కాస్త ముందుకు వచ్చింది. "మేస్త్రి గారు ఆవిడ. నేను వాళ్ళాయన్ని."