ఆఖరి గుప్పెడు బార్లీ

ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని మంచు ఊరు లాంగియర్‌బ్యెన్ విమానాశ్రయంలో శవం దొరికిన కాసేపటికే ఏజెంట్ హాల్వర్డ్ ఫోన్ మోగింది.

"చచ్చింది మన కొరియర్. పెట్టె ఖాళీ," అంది చీఫ్ రన్‌వైగ్. "తెగులు తట్టుకునే బార్లీ. పొలాల్లో ఆ రకం ఒక్క మొక్క కూడా మిగల్లేదు. కొండలోని విత్తన ఖజానాకి చేరాల్సిన ఆఖరి గుప్పెడు అదే. విదేశీ ముఠా చేతిలో పడితే, రేపు లోకమంతా వాళ్లు చెప్పిన ధరకే తినాలి."

"సరుకు ఎక్కడ చేతులు మారుతుంది?"

"నువ్వు దిగిన హోటల్లోనే. మన ఏజెంట్ ఇంగ్‌విల్ తోడుంటుంది."

ఇంగ్‌విల్ అంటే అందం, తెలివి, ఆరు పాస్‌పోర్టులు. ఆమె మీద హాల్వర్డ్‌కి అనుమానం ఉంది. అది నిజం కాకూడదన్న కోరికా ఉంది.

ఇద్దరూ గదులన్నీ గాలించారు. గింజ దొరకలేదు. లాంజ్‌లో అందరూ మేజోళ్లతో కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఈ ఊళ్లో గుమ్మంలోనే బూట్లు విప్పాలి, పక్కవాళ్ల బూట్లు ఎవరూ ముట్టరు. అప్పుడు తట్టింది హాల్వర్డ్‌కి. బూట్లు వెతికితే గింజలు దొరుకుతాయి, దొంగ దొరకదు. అతనికి రెండూ కావాలి. అత్యాశే.

"పెద్దమ్మా," అన్నాడు రిసెప్షన్‌లోని ఆస్‌లౌగ్‌తో, అందరికీ వినబడేలా. "బూట్లన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆరబెట్టే అలమరాలో పెట్టి వేడి పూర్తిగా పెంచెయ్యి."

"నీకింత బుద్ధి ఎప్పుడొచ్చిందిరా నాయనా!" ఆవిడ మురిసిపోయింది.

అలమరా గుర్రుమంది. గింజలు పాడవుతాయన్న భయంతో దొంగే లేచి పరిగెత్తాలి, అదీ హాల్వర్డ్ ఎత్తు. ఎవరూ కదల్లేదు. వేడెక్కేకొద్దీ గింజలో ప్రాణం పోతుందని హాల్వర్డ్‌కి తెలుసు. పంతానికి పోయి లోకం తిండిని కాల్చేస్తున్నానా? ఇక తట్టుకోలేక పరిగెత్తాడు.

స్విచ్ మీద అతని చెయ్యి పడేసరికి, దాని కింద ఇంకో చెయ్యి ఉంది. ఇంగ్‌విల్‌ది.

ఆమె బూటులో, అడుగు మెత్త కింద, గింజలు వెచ్చగా ఉన్నాయి. ఆ బూట్లు తొడుక్కుని వెళ్లిపోవాల్సిన ముఠా మనిషి, మేజోళ్లతోనే మంచులోకి పారిపోయి వీధి చివర దొరికిపోయాడు.

"నేను దొంగనే," అంది ఇంగ్‌విల్, సంకెళ్లు వేయించుకుంటూ. "కొరియర్ని చంపింది వాడు. ఈ గింజల్ని చంపబోయింది మాత్రం నువ్వే, హాల్వర్డ్."



పరీక్షకని తడిగుడ్డలో చుట్టిన నాలుగైదు గింజలు చాలా రోజులు ఉలకలేదు, పలకలేదు. హాల్వర్డ్‌కి తిండి సహించలేదు. చివరికి ఒక ఉదయం తెల్లటి మొలకలు తొంగిచూశాయి.

"శభాష్! పతకం నీకే," అంది చీఫ్ ఫోన్లో.

"స్విచ్ దగ్గరికి ముందు చేరిన చెయ్యి నాది కాదు మేడం. పతకం జైలు అడ్రసుకి పంపండి."