తొమ్మిదేళ్ల గుండె మాత్ర

"తొమ్మిదేళ్లుగా మింగతా ఉండారు, మాత్ర పేరు తెలీదా?"

మదనపల్లె ఆస్పత్రి ఈసీజీ గదిలో చొక్కా విప్పుకుని పడుకున్న మునికుమార్ గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

"తెల్లగా ఉంటాది మేడమ్," అన్నాడు.

"సున్నం గూడా తెల్లగానే ఉంటాది. వేరే మందులేమైనా వాడతాండారా?"

"లేదు."

"పెళ్లాం పేరైనా గుర్తుండాదా?"

"పెళ్లి కాలేదు."

"బతికిపోయింది ఆ మహాతల్లి," అంటూ ఈసీజీ తీసే జెమీమా ఫారంలో 'వేరే మందులు లేవు' అని రాసుకుంది.

పక్కనే ఉన్న వాళ్లమ్మ చెంగమ్మ నవ్వింది. మునికుమార్‌కి మాత్రం ఆ గీతల కాగితం మీద తన అబద్ధం అచ్చు పడుతుందేమోనని భయం పట్టుకుంది.

అతనికి గుండె జబ్బు లేదు. హెచ్‌ఐవీ ఉంది. అది ఎలా వచ్చిందో చెప్పుకోవడానికి అతనికి మొహం చెల్లదు. ఉండేది పుంగనూరు, చేసేది డ్రిప్ పైపుల షాపులో పని. మదనపల్లె దగ్గరే అయినా ఎవరైనా చూస్తారని పలమనేరు, వి.కోట దాటి కుప్పం దాకా పోయి మందు తెచ్చుకుంటాడు. ఇంటికి రాగానే డబ్బా మీది లేబుల్ గోకేస్తాడు. మొదటిసారి వాళ్లమ్మ "ఏం మాత్రలప్పా?" అన్నప్పుడు నోటికొచ్చింది చెప్పాడు: "గుండెకి."

అంతే. ఆనాటి నుంచీ ఆ ఇంట్లో బజ్జీ అన్నది వేగలేదు. పక్కింట్లో వడలు వేస్తే చెంగమ్మ గబగబా కిటికీ మూసేది, కొడుక్కి ఆశ పుడుతుందని. ఆ కిటికీ మూసినప్పుడల్లా మునికుమార్ సిగ్గుతో చచ్చిపోయేవాడు.

పోయిన నెల కుప్పం డాక్టరమ్మ సూటిగా చెప్పింది. "వైరస్ టెస్టులో కనపడనంత తగ్గింది. ఇంక నువ్వు చూసుకోవాల్సింది గుండెని. ఈ జబ్బున్నవాళ్లకి గుండెపోటు ముప్పు మిగతావాళ్లకంటే ఎక్కువ. నీకు కొలెస్ట్రాల్ ఉంది, సిగరెట్టూ ఉంది. గుండె డాక్టర్‌కి చూపించుకో. ఈ మందు సంగతి మాత్రం దాచొద్దు. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలు దీంతో పడవు."

చెప్పాలనే వచ్చాడు. అమ్మ పక్కన లేకుండా, అడిగింది చూడగానే మనసు పడ్డ జెమీమా కాకుండా ఇంకెవరైనా అయితే చెప్పేవాడేమో.

గుండె డాక్టర్ కాగితం చూసి, "ఇప్పటికి జబ్బేమీ లేదు. సిగరెట్ మానెయ్, ప్రతి శనివారం వచ్చి బీపీ చూపించుకో. ఆ మాత్రలేవో ఈసారి తీసుకురా," అన్నాడు.

మునికుమార్ సిగరెట్ మానేశాడు. శనివారాలు మాత్రం మానలేదు. మాత్రలు ఒక్కసారీ తేలేదు.

ఆరో శనివారం వాన పట్టుకుంది. ఆస్పత్రి ఎదురుగా టీ అంగడి రేకుల కింద ఇద్దరూ నిలబడ్డారు.

"మీ బీపీ నాకంటే బాగుండాది," అంది జెమీమా. "మళ్లీ మళ్లీ యాల వస్తాండారప్పా?"

"మిషన్ కరెక్టుగా ఉందో లేదో చూసేదానికి."

ఆమె పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక వానకేసి చూస్తూ, "మా అమ్మకి నీ గురించి చెప్పినాను," అంది.

మీరు కాస్తా నువ్వు అయింది. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. మునికుమార్ బస్సుకి టైమైందని చెప్పి వానలోనే బస్టాండుకి బయల్దేరాడు. ఆ రోజు బస్సులో తనని తాను తిట్టుకోని తిట్టు లేదు.

మరుసటి శనివారం పొద్దున లేచేసరికి ఇల్లంతా బజ్జీల వాసన. మాత్ర వేసుకుందామని చూస్తే డబ్బా లేదు.

"మాత్రలు యాడ మా?"

"నీకు జబ్బు లేదన్నారు, బీపీ గూడా బాగుండాదన్నారు గదప్పా. ఇంకా యాల మింగేది?" చెంగమ్మ సంబరంగా బజ్జీ తిప్పింది. "నిన్న మదనపల్లెకి పోయి ఆ ఈసీజీ పాపకి ఇచ్చేసి వచ్చినా. ఎవురన్నా పేదోళ్ల గుండెకి పనికొస్తాయి."

మునికుమార్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మ ప్లేటు చేతికిచ్చేలోపే బస్టాండుకి పరుగెత్తాడు. దారి పొడుగునా ఒకటే భయం, ఎవరో ముసలాయన ఆ మాత్ర మింగుతున్నట్టు.

ఈసీజీ గదిలో జెమీమా ఒక్కతే ఉంది.

"ఆ మాత్రలు ఎవురికీ ఇయ్యొద్దు," అన్నాడు రొప్పుతూ. "అవి గుండెవి కాదు. నాకు హెచ్‌ఐవీ ఉండాది."

ఆమె సొరుగులోంచి డబ్బా తీసి, తన సీసాలోంచి గ్లాసులో నీళ్లు పోసింది. "ముందు మింగు."

మింగాడు.

"పేరు లేని మందు మేము ఎవురికిస్తామప్పా? మాత్ర మీద అచ్చు చూసి, మందుల షాపులో అడిగి నిన్ననే తెలుసుకున్నా. ఎవురిదని చెప్పలేదులే. ఈపొద్దు పది గంటలదాకా చూసి నేనే ఫోన్ చేద్దామనుకున్నా."

"నీ మొహం చూసి చెప్పలేకపోయినాను."

"నా ముందర పరువు నిలుపుకునేదానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? నాకు కోపం జబ్బు మీద కాదు. ఆ మంచం మీద పడుకుని లేదన్నావే, దాని మీద."

అతను తలెత్తలేదు. "మీ అమ్మకి చెప్పింది మరిచిపొమ్మను."

జెమీమా లేచి తలుపు దగ్గరికి వేసింది. తర్వాత గొంతు తగ్గించి అంది, "సిగ్గు నీ ఒక్కడికేనా? ముట్టుకుంటే రాదని పదేళ్లుగా ఈడ అందరికీ చెప్తాండాను. నిన్న ఆ డబ్బా నీదని తెలిసినాక రెండుసార్లు చేతులు కడుక్కున్నా. అప్పటినుంచీ నా చేతులు నాకే చూడబుద్ధి కాలేదు."

మునికుమార్ మెల్లగా తలెత్తాడు.

"మాత్ర తప్పకుండా వేసుకుని, టెస్టులో కనపడకుండా ఉంటే పెళ్లానికి రాదని నాకు తెలుసు," అంది. "మా అమ్మకి నేను చెప్తా. మీ అమ్మకి నువ్వే చెప్పాల. పక్కన కూర్చోమంటే కూర్చుంటా. ముందు డాక్టర్ దగ్గరికి పద."

డాక్టర్ గదిలోకి ఇద్దరూ వెళ్లారు. "సార్, ఫారంలో ఒకటి తప్పు రాయించినాను," అని మునికుమార్ మొదలుపెట్టి ఆగిపోయాడు.

డాక్టర్‌కి ఏదో అర్థమైంది. పెన్ను పక్కన పెట్టాడు. "నువ్వు బయట ఉండు జెమీమా. ఇలాంటివి ఇంటిమనుషుల ముందర తప్ప మాట్లాడకూడదు."

జెమీమా కుర్చీ లాక్కుని మునికుమార్ పక్కన కూర్చుంది.

"ఇంటిమనిషినే సార్," అంది.