కోళ్ళ పుస్తకాల వెనక

"ఆ పుస్తకం మీ దగ్గరుందా?"

నోదిర్ తలెత్తాడు. ఎదురుగా తడిసిన శాలువాతో ఒకమ్మాయి. కనురెప్పల మీద మంచు ఇంకా కరగలేదు.

"ఏ పుస్తకమండీ?"

"ఫంక్షనల్ అనాలిసిస్. లైబ్రరీ మొత్తానికి ఒక్కటే ఉందట. కార్డులో పేరుంది, అలమరలో పుస్తకం లేదు. మీ మొహం చూస్తే దాచుకునే రకంలా ఉన్నారు."

"నా మొహమా!" అంటూ నవ్వేశాడు. "లేదండీ. కావాలంటే వెతికిపెడతాను."

అబద్ధం. మొన్ననే దాన్ని కోళ్ళ పెంపకం పుస్తకాల వెనక్కి నెట్టాడు. సమర్కండ్‌లో పరీక్షల ముందు గణితం కుర్రాళ్ళు చేసే పనే. ఎవరికి వాళ్ళు అది దొంగతనం కాదని సర్దిచెప్పుకుంటారు.

ఆమె పేరు సర్వినోజ్. కొండల్లోని పల్లె నుంచి వచ్చింది. ఈ పరీక్ష కిందటిసారి తప్పింది. మళ్ళీ తప్పితే హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి పోవడమే.

రోజూ ఇద్దరూ కలిసి వెతికారు. పాతపుస్తకాల కొట్లు, సీనియర్ల గదులు. ఎవరిదో నోట్సు దొరికితే అందులో సగం పేజీలు టీ మరకలే. మిగిలిన సగం నోదిర్ వివరించేవాడు.

"వరసలోని బిందువులు ఒకదానికొకటి దగ్గరవుతూ పోతుంటాయి కదా, అవి చేరాల్సిన చోటు ఆ స్పేస్‌లోనే ఉండాలి. అప్పుడే అది పూర్తయినట్టు."

"లేకపోతే?"

"వెలితి."

"మాటలు బాగానే చెప్తున్నారు, పుస్తకం మాత్రం దొరకట్లేదు!" అనేది.

పుస్తకం దొరికితే ఆమె రావడం మానేస్తుందని అతని భయం. ఆ భయాన్ని తల్చుకుంటే తనమీద తనకే అసహ్యం వేసేది. అయినా మర్నాడు మళ్ళీ వెతకడానికి బయల్దేరేవాడు.

పదకొండో రోజు ఆమె ఒక మూట తెచ్చింది. ఎండు ఆప్రికాట్లు, ఇంటి నుంచి కాల్చి పంపిన గుండ్రటి రొట్టె.

"మీరు నాకోసం ఇంత తిరిగారు. ఇక చాలు. పరీక్ష ఎలాగూ తప్పుతాను, శనివారం బస్సుకి ఇంటికి వెళ్ళిపోతాను."

ఆ రొట్టె ముట్టుకోలేకపోయాడు. లేచి కోళ్ళ అలమర దగ్గరికెళ్ళి, చెయ్యి లోపలికి పెట్టి, పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు. మధ్యలోంచి అతని చేతిరాతతో ఉన్న కాగితం జారిపడింది.

సర్వినోజ్ కాగితాన్ని చూసింది. అతన్ని చూడలేదు.

"పదకొండు రోజులు," అంది.

"ముందు పరీక్ష కోసం దాచాను. తర్వాత... మీరు రావడం ఆగిపోతుందని."

"ఆ గాజుల కొట్టు పక్క పుస్తకాల తాతని మూడుసార్లు అడిగించారు నాచేత. పాపం ఆయన అటక దిగేటప్పుడు మోకాలు పట్టుకున్నాడు."

నోదిర్ తలవంచుకుని నిలబడ్డాడు.

"పరీక్షకి ఇంకా నాలుగు రోజులున్నాయి. కూర్చో. మొదటి పేజీ నుంచి చెప్పు," అంది.

నాలుగు రోజులూ పాఠం తప్ప ఒక్క మాట లేదు. ఆమె పాసైంది. ఫలితాల రోజు అతను ఎదురుపడే ధైర్యం లేక స్తంభం చాటున నిలబడ్డాడు. సెలవులకి ఊరెళ్ళిపోయిందని ఎవరో చెప్పారు.

"ఇదిగో అబ్బాయ్!" లైబ్రరీ సాలిహా అక్కయ్య కేకేసింది. "కోళ్ళ పుస్తకాల వెనక రొట్టె పెట్టిందెవరు? ఎలుకలు చేరతాయి. తియ్యి!"

గుడ్డలో చుట్టిన గుండ్రటి రొట్టె. అంచున ఒకే ఒక్క చోట, ఎలుక కాదు, మనిషే చిన్న పళ్ళతో కొరికిన గుర్తుంది.

నోదిర్ వాళ్ళన్న సైన్యానికి వెళ్తూ కొరికిన రొట్టె ఇంట్లో మేకుకి వేలాడుతోంది. ఆనవాయితీ ప్రకారం, వాడు తిరిగొచ్చి మిగిలింది తినేదాకా దాన్ని ఎవరూ ముట్టరు.

దాన్ని గుండెకి అదుముకుని ఇంటికెళ్ళాడు. నానమ్మ గుడ్డ విప్పి చూసింది.

"ఎవరిదిరా?"

"చెప్పుకుంటే సిగ్గుపోయే కథ, నానమ్మా. నేను తప్పు చేశాను."

కొరికిన చోట ఆవిడ వేలితో తడిమింది.

"సిగ్గుపడు, మంచిదే. ముందు ఇంకో మేకు పట్రా."