ఏడోసారి దాటిన పాదాలు

అలెగ్జాండ్రియాలో మధ్యాహ్నం మూడింటికి ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. భోజనాలు చేసి, కిటికీ రెక్కలు మూసుకుని, ఊరంతా ఒక కునుకు తీస్తుంది. ట్రాము గంట తప్ప చప్పుడుండదు. నేను చెప్పబోయేదాంట్లో అసలు సంగతంతా ఆ వేళలోనే జరిగింది. అర్ధరాత్రి కథ కావాలంటే ఇంకెవరినైనా అడగండి.

నా పేరు ఇన్షిరాహ్. బాలింతల కోసం ఒక యాప్ తయారుచేస్తున్నాను. కాన్పయ్యాక కొందరికి మనసు మొద్దుబారిపోతుంది. బిడ్డ ఏడుపు వినబడుతుంది గానీ లోపల ఏమీ కదలదు. అలాంటివాళ్ళకి రోజుకో పాఠం, నలభై రోజులకి నలభై. మూడు నిమిషాలు వినాలి, చెప్పిన చిన్న పని చెయ్యాలి, తర్వాత బొత్తం నొక్కి ఎలా ఉందో తమ గొంతుతో చెప్పాలి. పాఠాలు రాసిందీ చదివిందీ నేనే. ఫోనులో పనిచేసేలా చేసింది నా స్నేహితురాలు మరియానా. ప్రస్తుతానికి ఇరవైమంది తల్లులు వాడి చూస్తున్నారు.

పాఠాలు రాసేటప్పుడు నాకు ఆరో నెల. "బిడ్డ కళ్ళలోకి చూడండి, ఏం కనబడిందో చెప్పండి" అని తెగ తియ్యగా చదివాను. తీరా హాజిమ్ పుట్టాక వాడి కళ్ళలోకి చూస్తే నాకు కళ్ళు కనబడ్డాయి. అంతే. ఊరందరికీ మందు రాసిచ్చి నేనే మంచాన పడ్డాను.

ఎవరికీ చెప్పలేదు. మా ఆయన ఓడ మీద ఉద్యోగం, జూన్ దాకా రాడు. డాక్టరమ్మ అడిగితే బాగున్నానన్నాను. పాఠం చెప్పే మనిషే పాఠం తప్పిందంటే నవ్విపోరూ? పాలిచ్చాను, గుడ్డలు మార్చాను, స్నానం చేయించాను. ఎవరో అప్పగించి వెళ్ళిన వస్తువుని చూసుకున్నట్టు చూసుకున్నాను. ఏడుపు కూడా రాలేదు. కాన్పయిన దగ్గర్నుంచీ పాదాలు మాత్రం మంచుముక్కల్లా ఉండేవి. అమ్మ అల్లిచ్చిన గోధుమరంగు ఊలు మేజోళ్ళు ఎండలో కూడా విప్పేదాన్ని కాదు.

ఏడో రోజు వేడుక సంగతి చెప్పాలి. బిడ్డని కొత్త జల్లెడలో పడుకోబెట్టి నేలమీద పెడతారు. తల్లి దాని మీదుగా ఏడుసార్లు దాటాలి. పెద్దవాళ్ళు ఇత్తడి కల్వం దంచుతూ "అమ్మ మాట విను, నాన్న మాట వినకు" అని బిడ్డ చెవి దగ్గర అరుస్తారు. మా అత్తయ్య ఇహ్సాన్ ఆ రోజు దంచిన దంపుడికి పై అంతస్తువాళ్ళు కూడా దిగొచ్చారు. ఏడో పాఠంలో పెట్టడానికి మరియానా నా పాదాలు మాత్రం వీడియో తీసింది.

ఆరుసార్లు దాటాను. కుట్లు లాగేశాయి. ఇంతలో ఎవరో "ఏడు!" అన్నారు, ఆడవాళ్ళంతా నాలుకలాడిస్తూ సంబరంగా కేకలు పెట్టారు, ఉప్పు చల్లారు. నేనెళ్ళి మంచం మీద కూర్చున్నాను. ఆరా, ఏడా? ఎవరికి కావాలి అనుకున్నాను.

ముప్పై అయిదో రోజున దమన్‌హూర్ నుంచి దలాల్ అనే తల్లి గొంతు సందేశం పంపింది.

"అక్కా, ఏమీ అనుకోకు. ఏడో పాఠంలో ఆఖరిసారి దాటిందెవరు? ఆవిడకి మేజోళ్ళు లేవేం?"

నవ్వొచ్చింది. పిచ్చిపిల్ల, నిద్ర లేక ఏదో చూసుంటుంది అనుకుని వీడియో తెరిచాను.

ఒకటి. రెండు. మూడు. గోధుమరంగు మేజోళ్ళు జల్లెడ దాటుతున్నాయి. నాలుగు. అయిదు. ఆరు. మేజోళ్ళు పక్కకి వెళ్ళిపోయాయి. కల్వం మోగుతూనే ఉంది. అప్పుడు అవతలి వైపు నుంచి ఇంకో జత పాదాలు వచ్చాయి. ఉత్త పాదాలు. నింపాదిగా దాటాయి... ఎడమ చీలమండ మీద నాకున్నట్టే పుట్టుమచ్చ.

నాలుగుసార్లు చూశాను. భయం వేయాలి కదా అనుకున్నాను. వేయలేదు.

ఆ సాయంత్రమే మరియానా ఫోన్ చేసింది.

"ఒసేయ్ దొంగమొహమా! ఎలా ఉన్నావంటే ముక్తసరిగా ఊఁ అని ఫోన్ పెట్టేస్తావు. రోజూ మూడింటికి ఠంచనుగా పాఠం చేస్తున్నావుగా? ఆ మాటలు విని ఆఫీసులో కూర్చుని ఏడ్చానే తల్లీ!"

"నేనా? మూడింటికి నేను పడుకుంటాను."

"వేషాలొద్దు. నీ పేరు మీదే ఉన్నాయి. ఇరవై ఎనిమిది రికార్డింగులు."

ఇరవై ఎనిమిది. ఎనిమిదో రోజు నుంచీ లెక్కేస్తే సరిగ్గా సరిపోయింది. ఒకటి నొక్కాను. నా గొంతే. నా జన్మలో నేను అనని మాటలు. "నా బంగారుకొండ, నా కళ్ళలో వెలుగా, ఆకలేస్తోందా నాన్నా? వచ్చా, వచ్చా..." వెనక హాజిమ్ ఉంగా ఉంగా అంటున్నాడు. నా దగ్గర వాడు ఒక్కసారి కూడా అలా అనలేదు.

అత్తయ్య కింది అంతస్తులోనే ఉంటుంది. వెళ్ళి వీడియో చూపించాను. ఆమె టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

"ఏడు అయ్యాయన్నావు కదే!"

"నేననలేదు. మీరే లెక్కపెట్టారనుకున్నా."

"నేను కల్వం దంచుతున్నానే పిల్లా! లెక్క తల్లిది." తలుపు వేసొచ్చి గొంతు తగ్గించింది. "ప్రతి ఆడదానికీ నేల కింద ఒక తోబుట్టువు ఉంటుంది. నీతోపాటే పుడుతుంది. నీ మొహమే, నీ గొంతే. దానికి బిడ్డలుండరు. నువ్వు ఖాళీ వదిలిన చోట అది అడుగు పెడుతుంది."

"ఈ కాలంలో కూడా ఏమిటత్తయ్యా..."

"కాలం నీకు మారింది. దానికి మారలేదు. నలభయ్యో రోజు లోపల ఆ ఏడోది నువ్వే దాటు. లేకపోతే బిడ్డ దాని మాటే వింటాడు, నీ దగ్గర ఉండడు. విన్నావా, ఇన్షిరాహ్?"

విన్నాను. పైకి వచ్చి పడుకున్నాను. నిజం చెప్పేస్తాను, దాచుకోవడం ఎందుకు. నాకంటే బాగా చూసుకుంటోంది కదా, చూసుకోనీ అనిపించింది. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ముప్పై ఆరు, ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది. మూడింటికి రోజూ నిద్రపోయాను.

ముప్పై తొమ్మిదో రోజు ఎడారి గాలి వచ్చింది. మధ్యాహ్నానికే ఆకాశం పసుపుపచ్చగా, తర్వాత ఇటుకరంగుగా మారింది. ట్రాములు ఆగిపోయాయి. కిటికీ సందుల్లోంచి సన్నటి దుమ్ము దూరి నోట్లో కరకరలాడింది. గాలిలో తడిమట్టి వాసన కూడా ఉంది. వాన చుక్క లేదు, తడిమట్టి ఎక్కడిదో అర్థం కాలేదు. కరెంటు పోయింది. ఆ రోజు నిద్ర పట్టలేదు.

మూడు కొట్టింది.

పక్కగదిలో ఫోను మోగింది. పాఠం మొదలయ్యే ముందు వచ్చే పాట. దాని వెనకే నా గొంతు. "ముప్పై తొమ్మిదో పాఠం. బిడ్డకి ఈ రోజు ఒక మాట ఇవ్వండి."

ఆ గదిలో హాజిమ్ తప్ప ఎవరూ లేరు...

పాఠం అయిపోయింది. బొత్తం నొక్కిన చప్పుడు. మళ్ళీ నా గొంతు, ఈసారి మెత్తగా.

"ఇంకొక్క రోజు నాన్నా... రేపు మనం వెళ్ళిపోదాం."

లేచాను. మేజోళ్ళ కాళ్ళతో చప్పుడు లేకుండా నడిచాను. తలుపు ఓరగా ఉంది.

జల్లెడ నేలమీద ఉంది. అటక మీద పెట్టిన జల్లెడ. అందులో హాజిమ్. దుమ్ము చీకట్లో అవతలి వైపు పాదాలు మాత్రం కనబడుతున్నాయి. వేళ్ళ సందుల్లో తడిమట్టి. పైన మొహం ఉండాల్సిన చోటికి నేను చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

"నీకొద్దుగా," అంది గుసగుసగా. తిట్టినట్టు లేదు. వంటింట్లో మిగిలిన రొట్టె అడిగినట్టుంది.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"ఒక్కసారి ఊఁ అను. నువ్వు పడుకోవచ్చు... ఎంతసేపైనా."

ఊఁ అనబోయాను. దేవుడి మీద ఒట్టు, అనబోయాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు హాజిమ్ తల తిప్పి దానికేసి చూసి నవ్వాడు. వాడి మొదటి నవ్వు. నేను మోసి, నేను కని, నేను కోయించుకుని కుట్టించుకుంటే... ఆ నవ్వు దానికా!

ఒళ్ళు భగ్గుమంది. ముప్పై తొమ్మిది రోజుల తర్వాత నాలో మొదటిసారి ఏదో కదిలింది. అది ప్రేమ కాదు. కుళ్ళు. పచ్చి కుళ్ళు.

"నా కొడుకు," అన్నాను.

అడుగు వేశాను.

అదీ వేసింది.

ఇద్దరం ఒకేసారి దాటాం. జల్లెడ మీద ఒకరిలోంచి ఒకరం వెళ్ళినట్టు చల్లగా తగిలింది. గాలి కిటికీ రెక్కని విసిరికొట్టింది. కళ్ళనిండా దుమ్ము. నేల ఎటుందో తెలియలేదు...

కళ్ళు తుడుచుకునేసరికి హాజిమ్ నా చేతుల్లో ఉన్నాడు. గదిలో ఇంకెవరూ లేరు. వాడి నెత్తి వాసన చూశాను. ఎంత ఏడ్చానో! గంటసేపు వాణ్ణి వాటేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నా బంగారుకొండ, నా కళ్ళలో వెలుగా అన్నాను. మాటలు వాటంతటవే వచ్చాయి.

ఇది జరిగి పదకొండు రోజులైంది. బాగున్నాను. నిజంగానే బాగున్నాను. డాక్టరమ్మ నా మొహం చూసి, బాగా కోలుకున్నావంది. ఇవాళ మధ్యాహ్నం భోజనం దగ్గర అత్తయ్య నా పాదాలకేసి చూసి నవ్వింది.

"అమ్మయ్య, వేడి పుట్టింది! ఆ పాత మేజోళ్ళు ఎక్కడ పారేశావే?"

ఎక్కడ పారేశాను? ఆ రోజు దుమ్ము అణిగాక చూసుకుంటే ఉత్త కాళ్ళతో ఉన్నాను. విప్పిన గుర్తు లేదు. బీరువాలో వెతికాను, బట్టల తీగ మీద వెతికాను. దొరకలేదు. వేళ్ళ సందుల్లో కొంచెం మట్టి ఉంటే కడుక్కున్నాను.

మూడింటికి హాజిమ్‌కి పాలిస్తుంటే ఫోను మెరిసింది. నా పేరు మీద కొత్త రికార్డింగు. నొక్కాను. చాలాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత ఒక గొంతు... ఏ ఎత్తుపల్లాలూ లేని, అలిసిపోయిన, ముప్పై తొమ్మిది రోజులు నేను మాట్లాడిన గొంతు.

"ఇక్కడ తడిగా ఉంది. మేజోళ్ళు నానిపోయాయి... ఏడోది నేనే దాటాను. నేను ముందు దాటాను. వాడికి పాలు పట్టారా?"

పాడుగోల అనుకుని ఆపెయ్యబోయాను.

హాజిమ్ పాలు తాగడం మానేశాడు. ఫోనుకేసి తల తిప్పాడు. నన్ను ఒకసారి చూశాడు, మళ్ళీ ఫోనుని చూశాడు. ఆ గొంతు కోసం రెండు చేతులూ చాపి ఏడవడం మొదలుపెట్టాడు.