బావి మూత మీద వెండి గిన్నె

ఆల్టెన్‌రైన్ అనే ఊళ్ళో, కోట గోడ పక్కన, మూడు సందులు కలిసే చోట ఒక బావి ఉంది. దాని మీద ఇనప మూత. పగలంతా దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. చీకటి పడ్డాక మాత్రం ఆ ఊరివాళ్ళు కుక్కని తిప్పడానికి కూడా అటు రారు.

చెత్తబుట్టకి కూడా రూలు ఉండే దేశంలో దెయ్యాలేమిటి అంటారా? వైశాలి కూడా అలాగే అనుకుని నవ్వింది. ఆ నవ్వు ఒక్కరోజు కూడా నిలవలేదని, ఎర్లాంగెన్ నగరంలో ఆమెకి దగ్గరివాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకుంటారు. వాళ్ళు చెప్పిందే ఇది.

2020, అక్టోబరు నాలుగో శనివారం. వైశాలి, శశాంక్ ఇద్దరిదీ వరంగల్. ఇద్దరూ ఎర్లాంగెన్‌లో ఇంజనీర్లు. మార్చి నుంచీ రెండు గదుల ఇంట్లో, ఒకే డైనింగ్ టేబుల్ మీద రెండు ల్యాప్‌టాప్‌లు, మధ్యలో ఐదేళ్ళ మనోజ్ఞ. దాని కీటా, అంటే నర్సరీ బడి, ఒక వారం తెరుస్తారు, ఎవరో పిల్లాడికి పాజిటివ్ రాగానే మూసేస్తారు. నవంబరులో మళ్ళీ అన్నీ బంద్ అవుతాయని ఆఫీసులో అనుకుంటున్నారు. ఈలోపు ఒక్క వీకెండైనా బయట గాలి పీల్చుకుందామని కారు అద్దెకి తీసుకుని దక్షిణానికి బయల్దేరారు.

ఊరు ముచ్చటగానే ఉంది. చెక్క దూలాలు బయటికి కనిపించే ఇళ్ళు, కిటికీల్లో ఎర్ర పూల కుండీలు, నున్నటి రాళ్ళు పరిచిన సందులు. బేకరీ ఆవిడ మనోజ్ఞని చూసి ఎంత పెద్ద కళ్ళో అంది. కాఫీ షాపులో ముసలాయనా అదే మాట అన్నాడు. మాస్కు వేసుకున్న పిల్లకి కళ్ళు తప్ప ఇంకేం కనిపిస్తాయి! అయినా వైశాలికి మనసులో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది.

వాళ్ళు దిగిన ఇంటి యజమానురాలు ఫ్రావ్ హూబర్. డెబ్బై దాటిన మనిషి, పైఅంతస్తులో ఒక్కతే ఉంటుంది. తాళంచెవి కిటికీ గట్టు మీద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి, ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో చెప్పింది. అదే గొంతుతో ఇంకో మాట కూడా చెప్పింది.

"రాత్రిపూట ఆ బావి మీద ఏమీ పెట్టొద్దు. గ్లాసు గానీ, గిన్నె గానీ... ఏమీ."

ఎందుకని వైశాలి అడిగితే, ఆవిడ గోడకి చెబుతున్నట్టు చెప్పుకుపోయింది. ఎప్పుడో ఆ ఊళ్ళోకి ప్లేగు వచ్చినప్పుడు, రోగం తగిలిన ఇళ్ళ తలుపులకి బయటినుంచి మేకులు కొట్టేసేవారట. వాళ్ళకి తిండి బావి గట్టు మీద పెట్టి పోయేవారట. ఒక తల్లి బిడ్డ కోసం రొట్టె తెద్దామని దొడ్డిదారిన బయటికొచ్చింది. తిరిగి వెళ్ళేసరికి ఆ దారికి కూడా మేకులు పడ్డాయి. బిడ్డ లోపల... తల్లి బయట. రెండు రాత్రులు పేరు పెట్టి పిలిచింది. రెండో రాత్రి లోపలినుంచి ఎవరూ పలకలేదు.

అప్పటినుంచీ బావి మీద ఎవరైనా గిన్నె మర్చిపోతే, అది తన బిడ్డ కోసం పెట్టిందే అనుకుంటుందట. గిన్నె పట్టుకుని, అది ఏ ఇంటిదో ఆ ఇంటికి వెళ్ళి, ఆ ఇంటి బిడ్డని పిలుస్తుందట. రెండేసార్లు. పిలిచాక గిన్నె గుమ్మంలో పెడుతుంది. ఎవరూ పలక్కపోతే తన దారిన పోతుంది. పలికితే మాత్రం తన బిడ్డ దొరికిందనుకుంటుంది.

అప్పుడేం చేస్తుందని అడిగింది వైశాలి.

ఫ్రావ్ హూబర్ మాస్కు సర్దుకుంది. పసుపు రంగు చెత్తడబ్బాలో ప్లాస్టిక్ మాత్రమే వెయ్యమని ఇంకోసారి చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

వైశాలి నవ్వుకుంటూ ఇదంతా శశాంక్‌కి చెప్పింది. వరంగల్‌లో తన నాయనమ్మ కూడా అంతే... రాత్రి ఎవరైనా పిలిస్తే మూడోసారి దాకా పలకొద్దనేది, అవి మూడోసారి పిలవలేవట. దెయ్యాలకి వీసా అక్కర్లేదేమో అన్నాడు శశాంక్.

రాత్రి ఎనిమిదికి మనోజ్ఞ ఒళ్ళు వెచ్చబడింది. తొమ్మిదింటికి జ్వరం ముప్పైతొమ్మిది డిగ్రీలు దాటింది.

ఆ రోజుల్లో జ్వరం అంటే ఉత్త జ్వరం కాదు కదా. సిరప్ పోశారు, కాస్త తగ్గింది, మళ్ళీ ఎక్కింది. డాక్టర్ల నంబరుకి ఫోన్ చేస్తే తెల్లారేదాకా చూడండి, ఊపిరి ఆడకపోతే వెంటనే తీసుకురండి అన్నారు. ఊపిరి ఆడకపోతే... ఆ ఒక్క మాట వైశాలి చెవిలో ఉండిపోయింది. పిల్ల ఛాతీ లేస్తోందా, పడుతోందా అని చూస్తూ కూర్చుంది. ఆమెకి చచ్చేంత భయం వేసింది.

ఒంటిగంటన్నరకి, ఆఫీసులో ఎవరికీ ఎప్పటికీ చెప్పని పని ఒకటి చేసింది. ఎక్కడికి వెళ్ళినా వెంట తీసుకెళ్ళే రైస్ కుక్కర్‌లో అన్నం మిగిలి ఉంది. అందులో పసుపు, కుంకుమ కలిపి ఎర్రగా ముద్ద చేసింది. మనోజ్ఞ వెండి గిన్నెలో పెట్టింది. అన్నప్రాశనకి పేరు చెక్కించి ఇచ్చిన గిన్నె అది, దాంట్లో పెడితేనే పిల్ల తింటుంది. పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పింది.

మామూలుగా అయితే శశాంక్ వారం రోజులు ఆటపట్టించేవాడు. ఆ రాత్రి తనే తలుపు తీశాడు.

"పారేసి రా. వెనక్కి మాత్రం చూడకు."

దిష్టి అన్నం మూడు దారులు కలిసే చోటే పారెయ్యాలి. దగ్గర్లో ఉన్నది ఆ బావి దగ్గరి చోటే. ఫ్రావ్ హూబర్ మాట వైశాలికి గుర్తుంది. తను గిన్నె పెట్టడం లేదుగా, అన్నం నేల మీద పారేసి వచ్చేస్తుంది... అంతే కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

బయట మంచు దట్టంగా పట్టింది. నలభై అడుగుల దూరం. బావి పక్కన గిన్నె బోర్లించింది. ముద్ద అంటుకుపోయి ఊడిరాలేదు. ఒక్క క్షణం... ఒక్క క్షణమే... గిన్నెని బావి మూత మీద ఆనించి రెండు చేతులతో గీకింది. ముద్ద రాళ్ళ మీద పడింది.

మూత కిందినుంచి — టక్.

సుత్తితో మేకు మీద కొట్టినట్టు. ఒక్క దెబ్బ.

వైశాలి తిరిగి నడిచింది. పరుగెత్తలేదు, వెనక్కి చూడలేదు. సగం దూరం వచ్చాక వెనక అడుగులు వినిపించాయి. బూట్ల చప్పుడు కాదు. తడి రాళ్ళ మీద ఉత్త పాదాలు... తను ఆగితే అవీ ఆగాయి. గుమ్మం దగ్గర పెట్టుకున్న సీసా నీళ్ళతో కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి గొళ్ళెం పెట్టాక గానీ చూసుకోలేదు, చేతుల్లో గిన్నె లేదని.

చర్చి గంట రెండు కొట్టింది.

"మనోజ్ఞా..."

తలుపు అవతలినుంచి. మెల్లగా, ముద్దుగా. అచ్చం వైశాలి గొంతు.

శశాంక్ వైశాలి పెదవుల వైపు చూశాడు. అవి కదల్లేదు.

పిల్ల కళ్ళు తెరిచింది. వైశాలి ఒక్క దూకులో మంచమెక్కి, పిల్ల నోటి మీద అరచెయ్యి పెట్టి, దాని మెడలో తల దాచుకుని పడుకుంది. శశాంక్ తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. నిమిషాలు గడవడం లేదు... గంట గడిచింది. అయిపోయిందేమో అనుకున్నారు.

చర్చి గంట మళ్ళీ కొట్టింది. ఒకటి... రెండు. మూడోది కొట్టలేదు.

శశాంక్ ఫోన్ చూశాడు. అందులోనూ రెండే. గుసగుసగా అన్నాడు, "టైం మారింది వైశూ. ఇయ్యాలనే కద, గంట వెనక్కి జరిపేది."

ఔను కదా. ఏటా అక్టోబరులో జరిగేదే. వైశాలికి ఊపిరి వచ్చింది. నవ్వబోయింది కూడా.

"మనోజ్ఞా..."

ఈసారి తలుపు దగ్గర కాదు. మంచం పక్క కిటికీ అవతల.

వైశాలి కళ్ళు గట్టిగా మూసుకుంది. అరచెయ్యి ఇంకా గట్టిగా నొక్కింది. పిల్ల పెనుగులాడలేదు, కొంచెం కదిలిందంతే. కిటికీ అవతల ఏదో తృప్తిగా నిట్టూర్చినట్టయింది... తర్వాత నిశ్శబ్దం.

మూడో పిలుపు రాలేదు.

నాలుగింటికి పిల్లకి చెమట పట్టింది. ఆరింటికి ఒళ్ళు చల్లగా ఉంది. ఏడింటికి లేచి దోశ కావాలని గొడవపెట్టింది. వైశాలి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి, తనివితీరా ఏడ్చింది.

గుమ్మంలో వెండి గిన్నె ఉంది. శుభ్రంగా కడిగి, బోర్లించి.

ఫ్రావ్ హూబర్ మెట్ల మీదే ఆగిపోయింది. గిన్నె వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. ఒక్కటే అడిగింది.

"ఎవరైనా పలికారా?"

లేదని వైశాలి చెప్పింది. నోరు మూసి పట్టుకున్నానని చెప్పింది. ముసలావిడ శిలువ గుర్తు వేసుకుని, అయితే మంచిదే, ఎండ ఉండగానే బయల్దేరండి అంది.

పదకొండుకల్లా హైవే ఎక్కారు. మంచు విడిపోయి చక్కటి ఎండ కాసింది. వెనక, ఎడమవైపు తన సీట్లో మనోజ్ఞ ఏదో కీటా పాట కూనిరాగం తీస్తోంది. శశాంక్ రాత్రి నుంచీ మొదటిసారి నవ్వాడు.

బీప్... బీప్... బీప్...

కారు ముందు అద్దం కింద ఎర్ర గుర్తు వెలిగింది. వెనక కుడివైపు సీటు, బెల్టు పెట్టుకోలేదని.

"వెనక సీటు మీద బ్యాగ్ పెట్టినవా?" అడిగాడు శశాంక్.

"లేదు. అన్నీ డిక్కీలనే ఉన్నయ్."

బీప్... బీప్... పాట ఆగింది.

"మమ్మీ, రాత్రి నువ్వు నా నోరు మూసినవ్ కద."

వైశాలి తలూపింది.

"గందుకే నేను పలకలే. కీటాల పేరు పిలిస్తే ఎత్తుతం కద... గట్ల చెయ్యెత్తిన." మనోజ్ఞ గర్వంగా చెప్పింది. "కిటికీలకెల్లి ఆమె చూసింది."

వెనక్కి చూడకు. రాత్రి శశాంక్ చెప్పిన మాట అదొక్కటే వైశాలి తలలో తిరుగుతోంది. చూపు రోడ్డు మీదే పెట్టుకుని, బిగుసుకుపోయి కూర్చుంది.

మనోజ్ఞ పక్కకి వంగిన చప్పుడు. కుడివైపు బెల్టు సర్రున జారిన చప్పుడు. క్లిక్.

బీప్ ఆగింది.