పిల్లల గదిలో కదలిక

ఆ బిల్డింగ్‌లో నాలుగో అంతస్తు మూల ఫ్లాటుకి పేరు చెడి ఎనిమిది నెలలైంది.

ముగ్గురు దిగారు. ముగ్గురూ మూటాముల్లె సర్దుకుని పోయారు. అర్ధరాత్రి దాటాక లోపల ఎవరో ఆడమనిషి గుసగుసలాడుతుందట. మనిషి కనబడదు. గొంతు మాత్రం గోడలోంచి వస్తుందట... ఇప్పుడు నాలుగో కాపురం, ఒక టైలరుది. చంటిపిల్ల ఉంది.

ముందు ఆ ఫ్లాటులో ఉన్నది ల్యాబమ్మ. ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది కాబట్టి అందరికీ ఆ పేరే అలవాటైంది. గోడలకి మేకులు కొట్టిందని ఓనరమ్మతో మాటా మాటా పెరిగి, ఓ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి సగం సామాను మెట్ల మీద, కొత్త తాళం తలుపు మీద ఉన్నాయి. దొరికినవి పట్టుకుని అదే బిల్డింగ్‌లో నేల అంతస్తులో వేరే ఓనరు ఫ్లాటుకి మారింది.

"మేమున్నప్పుడు ఏ దెయ్యమూ లేదు," అనేది. "ఉన్నా ఆ ఓనరమ్మ నోటికి పారిపోయుండేది."

ల్యాబమ్మ భయం వేరు. భర్త ఓడలో ఉద్యోగి. వారం విడిచి వారం ఆమెకి రాత్రి డ్యూటీ. ఇద్దరు పిల్లల దగ్గర అత్తగారు పడుకుంటుంది, కానీ ఆవిడ పడుకుంటే తలగడ కింద ఫోన్ మోగితే తప్ప ఇల్లు ఎత్తుకుపోయినా లేవదు. అందుకని పిల్లల గదిలో కదలికనీ తలుపునీ కనిపెట్టే సెన్సార్లు, ఒక స్పీకర్ పెట్టి, ఫోన్లో ఉన్న ఏఐ అసిస్టెంట్‌కి పని అప్పగించింది. రాత్రి డ్యూటీ ఉన్నప్పుడు పదిన్నర దాటాక పిల్లల గదిలో ఏం కదిలినా నాకు చెప్పు. రెండు నిమిషాల్లో నేను చూడకపోతే, నేను రికార్డు చేసిన మాట అక్కడ వినిపించు.

గ్లవ్స్ వేసుకున్న చేతులతో రెండు నిమిషాల్లో ఫోన్ చూడటం ఎప్పుడోగానీ కుదిరేది కాదు.

దాదాపు ప్రతి డ్యూటీలోనూ ఒంటిగంట దాటాక ఫోన్ వణికేది. *పిల్లల గదిలో కదలిక.*

"అత్తయ్యా... పిల్లలు లేచారా?"

"లేవలేదు. ఇప్పుడు నువ్వు లేపావు."

"గదిలో ఎవరో తిరుగుతున్నారని..."

"ఎవరు చెప్పారు, నీ ఫోనా? ముగ్గుర్ని పెంచాను నేను. అదెంతమందిని పెంచిందట?"

అత్తగారు అబద్ధమాడుతోందని ల్యాబమ్మ అనుమానం. కోడలికి మతి చలించిందని అత్తగారి అనుమానం. చివరికి ఆవిడ తేల్చి చెప్పేసింది.

"ఇంకొక్క రాత్రి ఇలా చేశావంటే పిల్లల్ని మా ఊరు తీసుకుపోతా. మావాడితో మాట్లాడాను. సరేనన్నాడు."

మర్నాటి రాత్రి ఒంటిగంటా పది. *పిల్లల గదిలో కదలిక.* వెంటనే... *పిల్లల గది తలుపు తెరుచుకుంది.*

ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది... ఎత్తలేదు.

తోటి టెక్నీషియన్‌కి ట్యూబులు అప్పగించి, తెల్లకోటు విప్పకుండానే పరుగెత్తింది. దారిలో ఫోన్ మళ్ళీ మళ్ళీ వణికినా చూడలేదు. జుట్టు ముడి ఊడిపోయింది.

ఇంటి తాళం తీసి, చెప్పులతోనే పిల్లల గదిలోకి వెళ్ళింది. తలుపు వేసే ఉంది. పిల్లలిద్దరూ ఒకే దుప్పట్లో ఉన్నారు. ఊపిరి చూసింది... ఉంది.

"వచ్చావా?" వెనకనించి అత్తగారు. "ఫోన్ ఎత్తకపోతే ఉద్యోగం వదిలేసి మరీ వచ్చావా! పొద్దున్నే బస్సు ఎక్కేస్తాం."

ల్యాబమ్మ పక్క దగ్గరే నిలబడింది. పిల్లల్ని కళ్ళతో చూస్తూనే ఉంది, వాళ్ళు వేలైనా కదపలేదు. చేతిలో ఫోన్ వణికింది.

*పిల్లల గదిలో కదలిక.*

అప్పుడే పైనించి కేక. ఆ వెనకే చంటిపిల్ల ఏడుపు.

నాలుగంతస్తులూ ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. మూల ఫ్లాటు తలుపు బార్లా తీసి ఉంది. టైలరు పాపని గుండెకి అదుముకుని వరండాలో నిలబడ్డాడు. ఆమె వైపు చూడకుండా లోపలికే చూస్తున్నాడు.

"పాప ఏడుస్తోంటే ఆ గదిలో ఎత్తుకు తిప్పుతున్నా... ఈ వారమంతా అదే వేళకి... అటక మీంచి..."

ఆమె లోపలికి వెళ్ళింది. చీకటి. అటక మీద... మెల్లగా, ఏదో మిషను హోరులో మునిగి తేలుతూ...

"పడుకోండి నాన్నా... తలుపు తీయకండి... అమ్మ వచ్చేస్తోంది..."

ఆ హోరు, మాట రికార్డు చేసిన ల్యాబ్‌లో ఫ్రిజ్‌ది. ఆ గొంతు తనది.

ఈ ఫ్లాటులో ఉన్నప్పుడు తను అటక మీద పెట్టి, ఓనరమ్మ తాళం వేసిన రోజున లోపలే వదిలేసిన స్పీకర్! తలుపు నెత్తిన పాత సెన్సార్లు! బిల్డింగ్ మొత్తానికీ ఒకటే వైఫై. కొత్తవాటికి కూడా ఆమె 'పిల్లల గది' అనే పేరు పెట్టింది. అసిస్టెంట్ మాత్రం మొదటి పిల్లల గదినే కాపలా కాస్తూ వచ్చింది. ముగ్గుర్ని తరిమిన దెయ్యం తనే.

స్పీకర్ వైరు లాగేసి, చంకలో పెట్టుకుంది. సెన్సార్లు పీకి, బ్యాటరీలు తీసేసింది. నవ్వో ఏడుపో తెలియని ముఖంతో బయటికొచ్చింది.

"భయపడకండి నాన్నా..." అంది టైలరుతో.

అతను గోడకి అంటుకుపోయాడు. తెల్లకోటు, విరబోసిన జుట్టు... అదే గొంతు.

"రోజూ వస్తున్నానంటావు... ఎప్పుడొస్తావో అనే మా భయం. వచ్చేశావా తల్లీ..."

ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది అత్తగారు. స్పీకర్నీ కోడలినీ చూసింది. సంగతి విని, టైలరు వైపు తిరిగింది.

"భయపడకు బాబూ. అది దెయ్యం కాదు, మా కోడలు," అంది. "నాకే ఒక్కోసారి తేడా తెలీదు." తర్వాత గొంతు తగ్గించి, "ఇన్నాళ్ళూ నిజమే చెప్పావన్నమాట. బస్సు సంగతి రేపు చూద్దాంలే" అంది.

ల్యాబమ్మ చేతిలో ఫోన్ వణికింది.

సెన్సార్లు తన పిడికిట్లోనే ఉన్నాయి. బ్యాటరీలు జేబులో ఉన్నాయి. ఈ ఫ్లాటు గదిలో ఎవరూ లేరు. అసిస్టెంట్‌కి ఇప్పుడు మిగిలింది ఒకే ఒక్క పిల్లల గది.

*పిల్లల గది తలుపు తెరుచుకుంది.*

"అత్తయ్యా," అంది, పెదవులు కదిలీ కదలకుండా. "వచ్చేటప్పుడు వీధి తలుపు వేశారా?"

అత్తగారు అప్పటికే మెట్లు దిగుతోంది.